విడిచిన దీవి – విడువరాని స్మృతి

పుట్టిన నేలను విడిచి వేఱొకచోట స్థిరపడినవారు ఆ నేలను గూర్చిన జ్ఞాపకములను కాపాడుకొనవలెనా? లేక గతమును మఱచి క్రొత్తజీవితమున లీనమగుటయే మేలా? ఈ ప్రశ్నను విచారించువారికి ఐర్లండు పడమటి తీరమునకు ఎదురుగానున్న గ్రేట్ బ్లాస్కెట్ దీవి చరిత్ర మిక్కిలి ఉపకరించును.

ఆ దీవివాసులు ఐరిష్ భాష మాటలాడువారు. చేపలు పట్టియు, గొఱ్ఱెలు మేపియు, చిన్నచిన్న చేలు సాగుచేసియు జీవించిరి. దీవిలో వైద్యుడు లేడు. గాలివాన వచ్చినచో తీరముతో రాకపోకలు నిలిచిపోవును. యువకులు పలువురు అమెరికాకు తరలిపోయిరి. 1947లో ఒక యువకుడు వైద్యసహాయమందక మరణించుటతో మిగిలినవారి ధైర్యము సడలెను. తమను తరలింపుడని వారే ప్రభుత్వమును వేడుకొనిరి. 1953 నవంబరులో తరలింపు ఆరంభమగునాటికి అచ్చట నున్నవారు 22 మంది మాత్రమే.

ఇండ్లు పాడుపడినవి, కాని ఆ జీవితము మఱుగుపడలేదు. ఏలయన, తరలింపునకు ముందే వారు తమ కథను తమ భాషలో చెప్పియుంచిరి. తోమాస్ ఓ క్రోహన్ అను బెస్తవాని ఆత్మకథ 1929లో వెలువడెను. పెగ్ సేయర్స్ అను వృద్ధురాలు తన బ్రతుకును చెప్పగా కుమారుడు వ్రాసెను. అది 1936లో అచ్చయ్యెను.

తోమాసు తన దీవిని స్వర్గముగా చిత్రింపలేదు. ఒక కుమారుడు కొండకొననుండి పడి మరణించెను. మఱియొకడు మునుగుచున్నవారిని రక్షింపబోయి సముద్రమున మునిగెను. ఓడ పగిలి కొట్టుకొనివచ్చిన తేయాకును, అదేమో యెఱుగక, స్త్రీలు పావడాలకు రంగు వేయుటకు వాడిన ముచ్చట యొకటి గలదు. ఈ దుఃఖమును, ఆ నవ్వును ఆయన ఒకే తీరున చెప్పెను.

బ్రతుకుదెరువునకై నేలను విడుచుట దోషము గాదు. కాని విడిచినదానిని గూర్చి బిడ్డలకు చెప్పకుండుట అన్యాయము. ఏలయన, ఆ విడుచుటలో వారి యిష్టానిష్టములకు తావు లేకుండెను. చెప్పునప్పుడు కష్టములను దాచి అందమును మాత్రమే చూపినచో, అదియు నొకవిధమైన విస్మృతియే. సత్యమైన స్మృతి క్రొత్తనేలపై ప్రేమకు అడ్డు రాదు. తరలివచ్చినవారిలో పలువురు ఎదుటి తీరముననే కాపురముండి, కనుచూపుమేరలో పాతదీవిని చూచుచునే క్రొత్తబ్రతుకు సాగించిరి.

తరతరముల క్రిందట వలసవచ్చిన కుటుంబములకు చెందిన మనకు ఈ కథ పరాయిది గాదు. మన పూర్వులు ఏ యూరినుండి, ఏ కారణమున వచ్చిరో చెప్పగల పెద్దలు ఇంకను కొన్ని యిండ్లలో నున్నారు. అవ్వ తెలుగులో చెప్పుచుండగా కూర్చుండి వ్రాసికొను బిడ్డ యొకరు ప్రతి యింటను ఉండవలెను. ఆ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు.