ఓర్పునకును మొండితనమునకును భేదమెక్కడ?

ధ్యానభాగములు: 1 కొరింథీ 9:24–27, అపొస్తలుల కార్యములు 16:6–10



ఓర్పును గూర్చి మన ప్రసంగపీఠములనుండి వినునంతగా మరి దేనిని గూర్చియు వినము. అయితే పట్టు విడువకుండుట ఎల్లప్పుడును సద్గుణమేనా అని అడుగువారు తక్కువ. ఫరోను తలంచుడి. తెగులు వెంబడి తెగులు వచ్చినను అతడు తన పట్టు విడువలేదు. అదియు పట్టుదలయే గదా! దానిని మనము హృదయకాఠిన్యమందుము. మోషేది మాత్రము ఓర్పు అందుము. ఫరో గురి చెడ్డది గనుక అట్లందుమని చెప్పుట సులభమే. కాని మంచి గురి గలవారిలోను మొండివారు లేరా? అచ్చటనే చిక్కున్నది.

కొరింథువారెరిగిన పందెములనుండి పౌలు తన ఉపమానమును తీసికొనెను. వాడిపోవు కిరీటముకొరకు ఆటగాడు తన దేహమును ఎంతగా అదుపులో నుంచుకొనునో చూపి, వాడని కిరీటముకొరకు మనమేమి చేయుచున్నామని అడిగెను. కావున నేనొక బంతియాటను గూర్చి వ్రాసినయెడల పెద్దలు కోపింపరని నమ్ముచున్నాను. నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని నేడు మన పిల్లల చేతులలో క్రికెట్ బ్యాటే కనబడును. అయినను ఒకప్పుడు మన హైదరాబాదు ఫుట్‌బాల్ ఆటలో దేశమునకే బడిగా నుండెను.

ఆ బడికి ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1909లో జన్మించి, ఉస్మానియాలో చదివి, వృత్తిచేత బడిపంతులైనవారు. ఆయన తర్ఫీదులో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన మహమ్మదీయుడు; మన సంఘమువాడు కాడు. అయితే శతాధిపతి విశ్వాసమును చూచి ఆశ్చర్యపడిన ప్రభువు, నేర్చుకొనవలసిన చోట మనలను సిగ్గుపడవద్దనియే చెప్పును.

1952లో హెల్సింకి ఒలింపిక్సులో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడెను. మనవారిలో అనేకులు ఆ చలిలో వట్టికాళ్లతో ఆడిరి. వట్టికాళ్ల ఆట మనవారికి గర్వకారణము. దానిని విడుచుట అవమానమని తలంచినవారును లేకపోలేదు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లని కూర్చుండియున్నచో కథ అంతటితో ముగిసియుండును. ఆ ఓటమి పిమ్మట బూట్లు తప్పనిసరియాయెను. నాలుగేండ్లకు మెల్బోర్నులో అదే రహీం గారి జట్టు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4–2తో ఓడించి, ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో మొదటి ఆటయే దక్షిణ కొరియాకు 2–0తో పోయెను. తరువాతి ఆటలో వెనుక కాపుగా నుండు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. గాయపడినవానిని ఇంటికి పంపుటయో, ఉన్నచోటనే నిలుపుటయో ఎవరికైనను తోచును. రహీం గారు అతనిని ముందు వరుసకు మార్చి గోలులు కొట్టు పని అప్పగించిరి. సెమీఫైనలులో అతడొక గోలు కొట్టెను. మనవారు దక్షిణ వియత్నామును 3–2తో గెలిచిరి. సెప్టెంబరు 4న ఫైనలు, మరల అదే కొరియాతో. ఇశ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటను ఒక భారతీయ అధికారి ఖండించినందున ఆ మైదానమంతయు మనవారిపై కేకలు వేయుచుండెను. అయినను ఇరువది నిమిషములలోనే పి.కె. బెనర్జీ యొకటి, జర్నైల్ సింగ్ యొకటి గోలులు కొట్టగా, 2–1తో బంగారు పతకము మనదాయెను.

ఇందులో నాకు ముఖ్యముగా కనబడునది గెలుపు కాదు, మార్పు. గురి అదే, దారి వేరాయెను. ఆళ్లగడ్డ శిల్పిని చూడుడి. రాతిలో జీర అడ్డువచ్చినచోట అతడు సుత్తిని మరింత గట్టిగా కొట్టడు. ఉలిని మరియొక వాలున పెట్టును. పౌలు బితూనియకు పోగోరెను, ఆత్మ పోనియ్యలేదు. ఆయన త్రోయకు వచ్చి, రాత్రి దర్శనము చూచి, మాసిదోనియకు ఓడ యెక్కెను. మొండివాడైనచో బితూనియ సరిహద్దులోనే కూర్చుండి తన నిలుకడను తానే మెచ్చుకొనుచుండును.

1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో అనేకము వెంటనే చేరలేదు. ఏండ్లు గడచిన పిమ్మట చేరినవి. అది మొండితనమో, మనస్సాక్షికి కట్టుబడిన ఓర్పో తీర్పు తీర్చుటకు నేనెవడను? అయితే మన చిన్న విషయములలో ఈ పరీక్ష చేసికొనవచ్చును. ఆదివారపు బడికి ఇద్దరే పిల్లలు వచ్చుచున్నారని దుఃఖించు ఉపాధ్యాయురాలు బడిని మూయనక్కరలేదు. ఆ గంటకే రావలెనని పట్టుపట్టనక్కరయు లేదు. పొలము పని ముగిసిన సాయంకాలమున పెట్టి చూడవచ్చును గదా. ఒకే ఉద్యోగ పరీక్షను నాలుగుమారులు వ్రాసిన కుమారుని ఐదవమారు కూర్చుండబెట్టు తండ్రి, కుమారుని జీవనమును కోరుచున్నాడా, తన మాట నెగ్గుటను కోరుచున్నాడా?

దారి మార్చుకొనుటకు వీలులేని వారును ఉన్నారు. ఏండ్ల తరబడి మంచము పట్టిన భర్తకు సేవచేయు సహోదరికి వేరే త్రోవ యెక్కడిది? ఆమెకు ఈ వ్యాసము చాలదని యెరుగుదును. ఆమెది పందెము కాదు, కావలి. దానికి వేరే కొలత కావలెను.

జకార్తా గెలుపు తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం గారు క్యాన్సరుతో మరణించిరి. 1970లో బ్యాంకాకులో కాంస్యము దొరకినదిగాని, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ బంగారము మరల మన దేశమునకు రాలేదు. పౌలు కూడ స్పెయినునకు పోవలెనని రోమీయులకు వ్రాసెను. అపొస్తలుల కార్యముల గ్రంథమో, ఆయన రోమాలో అద్దె యింట, వచ్చువారినందరిని చేర్చుకొని బోధించుచు నుండగానే ముగియును.