తడబడుతూ చదివేవారికి రెండు పుణ్యాలు

ఇచ్చోడలో మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఉంది. రోడ్డు పక్కన చిన్న కిరాణా దుకాణం వాళ్లది. ఆ ఇంటి మూడో పిల్లవాడికి తొమ్మిదేళ్లు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో లెక్క పుస్తకం చూడకుండానే చెబుతాడు. గోండు రైతులు వస్తే గోండీలో, మహారాష్ట్ర లారీల వాళ్లు ఆగితే మరాఠీలో నాలుగు మాటలు కలిపి సరుకు అమ్ముతాడు. కాని పుస్తకం తెరిచామంటే వాడి ముఖం వాడిపోతుంది.

వాడి రోజు ఎలా మొదలవుతుందో చూడండి. ఫజ్ర్ తర్వాత మద్రసాలో నూరానీ ఖాయిదా. కుడి నుంచి ఎడమకు చదవాలి. బా, తా, సా మూడింటి ఆకారం ఒకటే, తేడా అంతా చుక్కల్లోనే. తర్వాత బడి. అక్కడ ఎడమ నుంచి కుడికి తెలుగు, గుణింతాలు, ఒత్తులు. ఆ పైన ఇంగ్లీషు, బి ఏదో డి ఏదో తేల్చుకోవాలి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. మన ఆదిలాబాద్ జిల్లాలో ఎందరో ముస్లిం పిల్లలది ఇదే పరిస్థితి, చాలామంది నెట్టుకొస్తారు కూడా. వీడు నెట్టుకురాలేకపోయాడు. బడిలో ‘బద్ధకస్తుడు’ అన్నారు, మద్రసాలో ‘శ్రద్ధ లేదు’ అన్నారు, ఇంట్లో ‘మొండి’ అన్నారు. ఒక సాయంత్రం తండ్రి మా ఎదుటే వాణ్ణి కొట్టాడు. మేము ఆపలేదు. పైగా “కాస్త గట్టిగా ఉంటేనే దారికొస్తాడు, భాయ్” అని సలహా కూడా ఇచ్చాము. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని కుదురుగా ఉండనివ్వడం లేదు.

చేయగలిగీ చేయకపోతే అది తప్పు. చేయలేకపోతే? అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయడని సూరా బఖరా చివరి ఆయతు మనకు నేర్పుతోంది. రోగం వచ్చినప్పుడు, అప్పులు మీద పడినప్పుడు ఆ ఆయతును చదివి ఊరట పొందుతాము. మన పిల్లవాడి పుస్తకం ముందు కూర్చున్నప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు.

డిస్లెక్సియా అనే ఈ ఇబ్బంది కొత్తగా పుట్టింది కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్లేయ వైద్యుడు పద్నాలుగేళ్ల పిల్లవాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. చురుకైనవాడే, చూపు బాగుంది, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో వీడే తెలివైనవాడు అవుతాడని అతని ఉపాధ్యాయుడు అన్నాడట. మా కిరాణా దుకాణం పిల్లవాడే కళ్ల ముందు మెదిలాడు. ఇది తెలివి లోపం కాదు, కంటి జబ్బు కాదు, పెంపకంలో లోపమూ కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో జతపరచే పని మెదడుకు కష్టమవుతుంది. ఒకే కుటుంబంలో పలువురికి ఉండటం మామూలే. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమాతో ఈ మాట చాలా ఇళ్లకు చేరింది. అయితే ఇలాంటి ప్రతి పిల్లవాడిలో ఒక గొప్ప చిత్రకారుడు దాగి ఉంటాడనే భ్రమ కూడా కొందరిలో మిగిలిపోయింది. ఏ గొప్ప కళా లేని పిల్లవాడికీ మన ఓర్పు మీద హక్కు ఉంది కదా!

దివ్య ఖుర్ఆన్‌ను నేర్పుగా పఠించేవారు గౌరవనీయులైన దైవదూతల వెంట ఉంటారని, తడబడుతూ, కష్టపడుతూ పఠించేవారికి రెండు పుణ్యాలు లభిస్తాయని దైవప్రవక్త (స) తెలిపినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. తడబాటును పాపంగా కాక, శ్రమగా లెక్కగట్టిన బోధన ఇది. దీన్ని సాకుగా వాడుకోరాదు సుమా. పుణ్యం పుస్తకం మూసినవారికి కాదు, కష్టంగా ఉన్నా తెరిచినవారికి. కాబట్టి తెరిచే ధైర్యం పిల్లవాడిలో మిగిలి ఉండాలి. బెత్తం ముందుగా చంపేది ఆ ధైర్యాన్నే. హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు ప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా ‘ఉఫ్’ అనే మాట ఆయన నోట వినలేదని చెప్పుకున్నారు.

హజ్రత్ మూసా (అ) తన నాలుక ముడి విప్పమని ప్రభువును వేడుకున్నారు. అంతటితో ఆగక, తనకంటే స్పష్టంగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అ)ను తోడు ఇవ్వమని అడిగారు. అల్లాహ్ ఇచ్చాడు. సహాయం అడగడం ప్రవక్తకే చిన్నతనం కానప్పుడు పిల్లవాడికి ఎందుకవుతుంది?

ఇక్కడ ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. “సంతానం మధ్య న్యాయం చేయమని హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) హదీసులో ఉంది. ఒక్కడికి ప్రత్యేక ట్యూషన్, పరీక్షలో అదనపు సమయం ఇస్తే మిగతావారికి అన్యాయం కాదా?” ఆలోచించదగ్గ ప్రశ్నే. కాని ఆ హదీసు కానుక గురించి. ఒక కొడుక్కి జ్వరమొస్తే మందు కొంటాము, మిగతా ఇద్దరికీ అంతే మందు తాగించము. అవసరం వేరు, కానుక వేరు. అదనపు సమయం వాడికి మార్కులు ఇవ్వదు. వచ్చిన జవాబు రాయనిస్తుంది, అంతే.

సూరా అబస ఎందుకు అవతరించిందో పాఠకులకు తెలుసు. ఖురైషు పెద్దలతో మాట్లాడుతున్న వేళ అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలని వచ్చారు. ఆయన నుంచి ముఖం తిప్పుకున్నందుకు అల్లాహ్ తన ప్రియ ప్రవక్తనే హెచ్చరించాడు. ర్యాంకు తెచ్చే పిల్లల వైపే చూసే మన కళ్లు ఈ సూరాను ఎప్పుడైనా చూశాయా?

చట్టం కూడా ఇటే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాలలో చదువు నేర్చుకోవడంలోని ఈ ప్రత్యేక ఇబ్బంది ఒకటి. మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్ల వయసులో బడిలోనే ప్రాథమిక పరిశీలన జరగాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత మండలంలోని భవిత కేంద్రం ఉపాధ్యాయుణ్ణి కలవండి, ఆదిలాబాద్ రిమ్స్‌లో పిల్లల వైద్యుణ్ణి అడగండి. ‘కాగితం మీద పేరు పడితే రేపు సంబంధాలు ఎలా వస్తాయి’ అని మన ఇళ్లలో ఆడవాళ్లు భయపడతారు. భయం నిజమైనదే, కొట్టిపారేయలేము. కాని కాగితం లేకపోయినా వాడికి పేరు పడనే పడింది. ‘మొద్దు’ అని.

ఆ తండ్రి ఇప్పుడు ఇషా తర్వాత పళ్లెంలో బియ్యం పోసి, కొడుకు వేలితో ఒక్క అక్షరం రాయిస్తున్నాడు. రాస్తూ దాని ధ్వని పైకి పలకాలి. రోజుకు పది నిమిషాలే. సూరా ఫీల్‌ను పిల్లవాడు తండ్రి నోట విని విని నేర్చుకున్నాడు. బడిలో చదువు ఇంకా నెమ్మదిగానే సాగుతోంది. మొన్నటి పరీక్షలోనూ మార్కులు తక్కువే. “మద్రసా, బడి రెండూ మోయలేకపోతున్నాడు, ఒకటి మాన్పించనా?” అని తల్లి మమ్మల్ని అడిగింది. తొందరపడి చెప్పి ఒకసారి తప్పు చేసినవాళ్లం. ముందు హాఫిజ్ సాబ్‌ను, బడి సారును ఒకచోట కూర్చోబెడదాము అన్నాము. వచ్చే జుమా నమాజు తర్వాత వాళ్లిద్దరూ ఆ దుకాణానికి వస్తున్నారు.