సైరను మ్రోగినప్పుడు



బొల్లారములో కూలిపని చేయు మన సహోదరుడొకడు కల్లు మాని ఆరు మాసములైనది. మొన్న జీతము చేతికందిన దినమున ఫ్యాక్టరీ సైరను మ్రోగగానే ఆయనకు నోరూరి, చేతులు వణకినవట. “అయ్యగారూ, నా మారుమనస్సు అబద్ధమా?” అని కన్నీటితో నన్నడిగెను.

రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు పావ్లోవు, 1904లో నోబెల్ బహుమానము పొందినవాడు, కుక్కలకు తిండి పెట్టుటకు ముందు ప్రతిసారి ఒక ధ్వని వినిపించెను. కొన్నాళ్లకు తిండి లేకున్నను ఆ ధ్వనికే వాటి నోరూరెను. తిండి పెట్టక ధ్వని మాత్రమే వినిపించగా ఊరుట క్రమముగా తగ్గెను. అయినను కొంతకాలము గడచిన పిమ్మట మరల కనబడెను. మత్తు సంగతియు ఇట్టిదే. సైరను, జీతపు రూపాయలు, కల్లు దుకాణపు మలుపు, పాత స్నేహితుని కేక, ఇవన్నియు శరీరమునకు గంటలైనవి. మనస్సు ఒప్పుకొనక మునుపే శరీరము సిద్ధపడును.

ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచిరి గాని, అరణ్యములో అక్కడి చేపలను, దోసకాయలను తలంచుకొని ఏడ్చిరి (సంఖ్యా. 11:4, 5). కాళ్లు బయలుదేరినవి, నాలుక వెనుక నిలిచినది. కొరడా దెబ్బలు మరచిరి, రుచి మరువలేదు.

కాబట్టి గంటకు నోరూరుట పాపము కాదు, శోధన. మన ప్రభువును శోధింపబడెను, పాపము చేయలేదు (హెబ్రీ. 4:15). అయితే ఇది సాకు కారాదు. గంటను ఆపుట మన చేతిలో లేదు. త్రోవను ఎంచుకొనుట మన చేతిలోనున్నది. సామెతల గ్రంథము దుష్టుల త్రోవలో ధైర్యము చూపుమనలేదు, ఆ త్రోవనే తొక్కవద్దనెను (4:14, 15).

మరియొక మాట. మన ప్రాంతమున కల్లులో అల్ప్రాజోలము వంటి మత్తుమందులు కలుపుచున్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి. 2015లో తెలంగాణలో కల్తీని అరికట్టినప్పుడు, అలవాటుపడినవారు అనేకులు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. గనుక మానదలచిన వానికొరకు ప్రార్థించుడి, డాక్టరు యొద్దకును తీసికొనిపొండి. ఒక్కసారిగా మానుట ప్రాణాపాయము కావచ్చును.

ఆ సహోదరునితో నేను, “నీ మారుమనస్సు అబద్ధమైతే ఆ దినమున నీవు దుకాణమునకు పోయి యుందువు, నా యొద్దకు రాకపోదువు” అంటిని. ఇప్పుడు జీతపు దినమున సంఘ పెద్ద ఒకరు గేటు యొద్ద నిలిచి, వేరు త్రోవన ఆయనను ఇంటికి నడిపించుచున్నారు. జీతము భార్య చేతికి చేరుచున్నది. ఒకరి భారము ఒకరు మోయుట యనగా ఇదియే (గలతీ. 6:2).

మీ సంఘములో అట్టివాడు లేడా? వచ్చే జీతపు దినమున గేటు యొద్ద ఎవరు నిలుతురు?