వంటయింటి పనికి ముందు చూడవలసిన లెక్క
(ధ్యానభాగము: లూకా 14:28–30)



పాత వంటయింటిని పడగొట్టి క్రొత్తగా కట్టించుకొనవలెనని తలంచి, ఆ పని తలపునకు రాగానే గుండె జారి, ఏండ్ల తరబడి వాయిదా వేయు కుటుంబములు మన సంఘములలో అనేకములు కలవు. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదున విమానాశ్రయము తెరువబడినది మొదలు ఈ ప్రాంతపు భూముల విలువ మారెను, ఇండ్లును మారెను. అయినను ముందరి గదికి రంగులు వేయించి, పొగ పట్టిన వంటయింటిని అట్లే విడిచిన గృహములు నేటికిని ఉన్నవి. ముందరి గదిని అతిథి చూచును, వంటయింటిని చూచువారెవరు?

ఇట్టి పనికి భయపడుట అవిశ్వాసమా? కాదని నా అభిప్రాయము. గోపురము కట్టగోరువాడు ముందు ఖర్చు ఎంతయగునో చూచుకొనునని మన ప్రభువే ఉపమానముగా చెప్పెను. నెహెమ్యా యెరూషలేము చేరి, మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి కూలిన గోడను పరీక్షించిన తరువాతనే పని మాట ఎత్తెను. ఆ గోడ 52 దినములలో ముగిసెను. టేపు పట్టి కొలుచుట ప్రార్థనకు విరోధమైనది కాదు.

అయితే మేస్త్రి వ్రాసియిచ్చు కాగితములో ఇసుక, సిమెంటు, తాండూరు బండలు, గ్రానైటు, కూలి ఉండును. అందులో చేరని ఖర్చులను గూర్చియే నా చింత. గట్టు ఎంత ఎత్తున ఉండవలెనని మేస్త్రి యజమానుని అడుగును. ఆయన చేయి చూపును. దినమునకు మూడు పూటలు అక్కడ నిలుచునది ఆయన కాదు. ఆ కొలతకు ఇరువది సంవత్సరములు ఇల్లాలి నడుము వెల చెల్లించును. ఆమె మోచేతి ఎత్తును గోడమీద గుర్తుపెట్టి, దానికి కొంచెము క్రిందుగా గట్టు కట్టింపవలెను. గ్యాసు సిలిండరు నిలువుగాను, పొయ్యి దానికంటె ఎత్తుగాను ఉండవలెను. నీరు పోవు వాలు, కరెంటు తీగలు టైల్సుకు ముందే తేలవలెను. ఇవన్నియు ఆమెను అడిగి చేయుడి. యెరూషలేము గోడ కట్టినవారిలో షల్లూము కుమార్తెలును ఉన్నట్లు వ్రాయబడినది గదా. మార్తను మనము ప్రసంగములలో తేలికగా గద్దించుదుము. ఆమె పొయ్యి ఎట్టిదో మనలో ఎవరమును అడుగలేదు.

కట్టెలపొయ్యిని పగులగొట్టు దినమున అత్తగారు కన్నీరు పెట్టుకొనును, పిల్లలు నవ్వుదురు. ఆమె కన్నులను ఆ పొగయే పాడుచేసినను, బిడ్డలందరికి అన్నము వండిపెట్టినది ఆ పొయ్యిమీదనే. రెండవ మందిరపు పునాది వేయబడినప్పుడు, మొదటి మందిరమును చూచిన వృద్ధులు ఏడ్చిరి. తక్కినవారు సంతోషముతో కేకలు వేసిరి. ఏది ఏడ్పో ఏది సంతోషమో జనులకు తెలియకపోయెనని ఎజ్రా గ్రంథము చెప్పుచున్నది. ఆ వృద్ధులను ఎవరైనను గద్దించినట్లు అందులో లేదు.

కూలి సంగతి వేరు. పాలమూరు నుండియు ఒడిశా నుండియు వచ్చినవారు బండలు మోయుదురు. చివరి వారపు కూలిని బిగపట్టి, ఆ సొమ్ముతో గృహప్రతిష్ఠ విందు చేయువారు కొందరు కలరు. పొరుగువానిచేత జీతము లేక పని చేయించుకొని ఇల్లు కట్టువానికి యిర్మీయా 22వ అధ్యాయములో శ్రమ ప్రకటింపబడినది. అట్టి ఇంటిలో ప్రార్థన చేయుటకు నేను సమ్మతింపను. బంగారము కుదువబెట్టి గ్రానైటు వేయించుకొనువారు కూడ ఇంకొకసారి కూర్చుండి లెక్క చూచుకొనుట మేలు. నాపరాతి గట్టు మీదను అన్నము ఉడుకును.

పని నడుచు దినములలో ఎక్కడ వండుకొందురు? దీనిని ఎవరును ముందుగా ఆలోచింపరు. సిమెంటును వారము దినములైనను తడుపుచుండవలెను. అంతవరకు ఆ కుటుంబము వెనుక వసారాలో మూడు రాళ్లు పెట్టుకొనును. అట్టి ఇల్లు మీ వీధిలో ఉన్నయెడల, ఒక పూట అన్నమును చారును గిన్నెలలో పెట్టి పంపుడి. గిన్నెలను మాత్రము మరునాడే తిరిగి అడుగకుడి.