క్షమ వేరు, ఖాతా వేరు

వర్తకుని ఇంట పుట్టిన బిడ్డ అక్షరములతోపాటు జమాఖర్చులను నేర్చును. ఇచ్చినది ఒక ప్రక్కను, పుచ్చుకొన్నది మరియొక ప్రక్కను వ్రాసి, దీపావళి నాటికి రెండును సరిచూచుకొనుట పెద్దలు చూపిన త్రోవ. ఆ బిడ్డయే జినాలయమునకు పోయి మరియొక విద్య నేర్చును: ఎవరిపైనను వైరము నిలుపుకొనరాదు, అడిగినను అడుగకున్నను క్షమింపవలెను. ఈ రెండు విద్యలకును సాధారణముగా తగవు రాదు. సొమ్ము పుచ్చుకొన్నవాడు పనిని సగములో విడిచిపోయిన నాడు మాత్రము తప్పక వచ్చును.

బళ్ళారిలో ఒక గృహస్థు ఇల్లు కట్ట తలపెట్టెననుకొనవచ్చును. పని అంతయు 36 లక్షలకు ఒక కంట్రాక్టరునకు గుత్తకిచ్చెను. పునాదికి ఇంత, స్లాబునకు ఇంత, పూతకు ఇంత అని వాయిదాలు కాగితముపై వ్రాసికొనిరి. కాని "ఇనుము ధర పెరుగుచున్నది, ముందుగా కొనివేయుట మంచిది" అని కంట్రాక్టరు తొందరపెట్టగా, వాయిదాలను మించి 24 లక్షలు చేతికిచ్చెను. స్లాబు పడినది, గోడలు లేచినవి, లోపలి పూత సగమైనది. ఒకనాడు మేస్త్రి రాలేదు. మరునాడు కూలీలు రాలేదు. ఫోను మ్రోగుచునే యున్నది, పలుకువాడు లేడు.

ఆ సొమ్ము ఎక్కడికి పోయినది? అనేక సందర్భములలో కంట్రాక్టరు దానితో తాను మేడలు కట్టుకొనియుండడు. ఈ యింటి బయానాతో వెనుకటి యింటి పని పూర్తిచేసియుండును. ఈ యింటి తలుపులను రాబోవు ఇంటి బయానాతో పెట్టవలెనని తలచియుండును. రావలసిన పని ఒకటి తప్పిపోగానే గొలుసంతయు తెగును. ఒకరి సరుకు సొమ్ముతో మరియొకరి హుండీ చెల్లించుచు పోయినవాడు ఎట్లు మునుగునో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఎదుటివాని వైపునుండి కూడ చూచుట అనేకాంత దృష్టి నేర్పిన పాఠము. అయితే కారణము తెలిసినంత మాత్రమున దోషము తొలగిపోదు. నమ్మి యప్పగించినదానిని కాజేయుటకు న్యాసాపహారమని పేరు. ఉమాస్వామి తత్త్వార్థ సూత్రమునందు దీనిని అణువ్రతముల అతిచారములలో చేర్చెను. అది చౌర్యమునకు సంబంధించిన పట్టికలో గాక, సత్యవ్రతమునకు సంబంధించిన పట్టికలో ఉండుట గమనింపదగినది. ఒక పనికై తీసికొన్న ముందు సొమ్మును మరియొక పనికి మళ్ళించుట ఆ న్యాసాపహారమునకు దగ్గరి చుట్టమే. ఇక్కడను సొమ్ము పోవుటకు ముందే మాట పోయినది.

ఇట్టి సమయమున నష్టపడినవాని ముందు రెండు తప్పుదారులు తెరచియుండును. మొదటిది క్రోధము చూపు దారి. నలుగురు బలవంతులను పంపి భయపెట్టి రాబట్టుమని అది చెప్పును. స్థలమున పడియున్న సామానంతయు తాళము వేయుమని చెప్పును. కాని ఆ తాపీలు, గమేళాలు కూలీలవి; ఆ సెంట్రింగు పలకలు మరియొకరివద్ద అద్దెకు తెచ్చినవై యుండును. ఇయ్యనిదానిని గైకొనుటయే స్తేయమైనపుడు, ఒకడు చేసిన తప్పునకు మరియొకని పనిముట్టు పట్టుకొనుట ఏ న్యాయము? గేటు ముందు నిలిచిన ఆ కూలీలకు ఒక వారము కూలి రావలసియుండవచ్చును. గృహస్థు వారికి బాకీదారు కాకపోవచ్చును గాని, వారు కూడ తనవలెనే మోసపోయినవారని మరువరాదు. పనిముట్లు వారికి అప్పగింపవలెను. శక్తి కలిగి కూలి చెల్లించినచో, చెల్లించినట్లు కాగితము వ్రాయించుకొనవలెను.

రెండవ దారి చూచుటకు ధర్మమువలె కనబడును. "పోనిమ్ము, పూర్వజన్మ ఋణము తీరినది" అని ఊరకుండుటయే అది. నిజముగా మమకారము విడిచినవాడు అట్లనిన అది త్యాగము. కోర్టు మెట్లెక్కుటకు బద్ధకించియో, మోసపోతినని నలుగురికి తెలియుటకు సిగ్గుపడియో అనిన అది త్యాగము కాదు. లోపల పగ మండుచునే యుండును, వెలుపల కంట్రాక్టరు మరియొక బీదవాని బయానా పుచ్చుకొనుచునే యుండును. ఆ రెండవ నష్టమున ఈ మౌనమునకు కూడ కొంత భాగము కలదు.

జైనాచార్యులు గృహస్థు జీవితమున హింసను సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని నాలుగు విధములుగా విభజించిరి. శ్రావకుడు పూర్తిగా విడువవలసినది బుద్ధిపూర్వకముగా చేయు సంకల్పి హింస. తన్ను, తన వారిని, తన న్యాయార్జితమును కాపాడుకొనుటలో తప్పనిసరియై కలుగు విరోధి హింసను గృహస్థు పూర్తిగా విడువలేడని వారెరుగుదురు. కనుక న్యాయస్థానమునకు పోవుట అహింసకు భంగము కాదు. అక్కడికి ఏ లెక్క తీసికొనిపోవుచున్నాడన్నదియే ప్రశ్న.

ఆ లెక్క ఇట్లుండవలెను. ముందుగా కంట్రాక్టరునకు రిజిస్టరు ఉత్తరము వ్రాసి, ఫలానా దినమున కొలతలు తీయుదుము, వచ్చి చూచుకొనుమని పిలువవలెను. క్రొత్త పని మొదలిడకముందే ఇంజనీరుచేత కొలిపించి, ఛాయాచిత్రములు తీయింపవలెను. జరిగిన పని విలువ 17 లక్షలని తేలినదనుకొనవచ్చును. అనగా 7 లక్షలు అధికముగా పోయినవి. మిగిలిన పని పాత ధరకు 19 లక్షలు. క్రొత్త మేస్త్రి 22 లక్షలు అడిగెను. ఆ తేడా 3 లక్షలు. ఆరు నెలల ఆలస్యమునకు, నెలకు 15 వేల చొప్పున అద్దె 90 వేలు. వెరసి 10 లక్షల 90 వేలు. అంతియే. "ఇచ్చిన 24 లక్షలును తిరిగి రావలెను, పైన నా మనోవ్యథకు మరియొక పది" అనునది ఖాతా కాదు, కోపము. జరిగిన పని తన స్థలముననే నిలిచియున్నది గదా!

చట్టము కూడ ఈ మార్గముననే నడచును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 73వ సెక్షను ఒప్పందభంగమువలన సహజముగా కలిగిన నష్టమునే ఇప్పించును. దూరపు నష్టమును ఇప్పింపదు. నష్టమును తగ్గించుకొనుటకు ఉన్న సాధనములను కూడ లెక్కలోనికి తీసికొనును. సగము ఇంటిని వానకు నాననిచ్చి దావా పెంచుకొనుట అక్కడ చెల్లదు. నివాసగృహ నిర్మాణము 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రిందికి వచ్చును. చెల్లించినది 50 లక్షలు మించనిచో జిల్లా కమిషనుకు రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవచ్చును. వ్యాపారమునకై కట్టు గోదామునకు సాధారణముగా సివిలు దావాయే గతి. దాని గడువు మూడేండ్లు. పోలీసులకు మోసమని ఫిర్యాదు చేయుటకు మాత్రము, మాట ఇచ్చిన నాడే వంచించు తలంపు ఉండవలెను. కష్టమున చిక్కి పని ఆపినవానిని తొలినుండియు దొంగయని వ్రాయించినచో, సత్యవ్రతము తప్పినవారు ఇద్దరగుదురు.

లెక్క ముగియకముందు గృహస్థు తన ప్రక్క పుట కూడ తెరచి చూచుకొనవలెను. వాయిదాలు వ్రాసియుండగా ముందే ఎందుకిచ్చెను? మిగిలినవారికంటె ఈ కంట్రాక్టరు తక్కువకు ఒప్పుకొనెనని, ముందు సొమ్మునకు మరికొంత తగ్గించెనని. కంట్రాక్టరు మాయ ఈ లోభమనెడి ద్వారమునుండియే లోపలికి వచ్చినది. అందువలన ఎదుటివాని తప్పు చిన్నది కాదు గాని, కోపము కొంత చిన్నదగును.

శ్వేతాంబరులు సంవత్సరి నాడును, దిగంబరులు దశలక్షణ పర్వము ముగిసిన పిమ్మట క్షమావాణి నాడును ఒకరినొకరు క్షమాపణ వేడుకొందురు. ఆ దినమున, దావా నడచుచుండగా, ఆ కంట్రాక్టరు వీధిలో ఎదురుపడిననుకొనవచ్చును. చేతులు జోడించుటకు గృహస్థునకు అర్హత కలదా? తన దావాలో కోపముచే చేర్చిన పైసా ఒక్కటియు లేనిచో కలదు. వాడు వాయిదాలపై తీర్చెదననిన ఒప్పుకొనుటకు, తీర్చిన నాడు చెల్లు వ్రాసి మరి ఆ మాట ఎత్తకుండుటకు మనసు సిద్ధమైయున్నచో కలదు. వైరమును ఆ దినముననే కొట్టివేయవలెను. బాకీ తీరిన దినమున బాకీని కొట్టివేయవలెను. ఈ రెండు పద్దులను ఒకే పుటలో కలిపి వ్రాసినవాడు క్షమను, సొమ్మును రెంటిని పోగొట్టుకొనును.