ఎవరు గెలిస్తే మనకేంటి?

ఎన్నికలొస్తే మన బస్తీల్లో వినపడే మాట ఇదే. ఎవరు గెలిచినా పంక్చర్ షాపు పంక్చర్ షాపే, బీడీల చాట బీడీల చాటే. దర్గాకు చాదర్ మోసుకొచ్చినవాళ్లు, ఇఫ్తార్‌లో టోపీ పెట్టుకున్నవాళ్లు గెలిచాక మన గల్లీ దారి మర్చిపోతారు. ఓటేస్తే ఓటు బ్యాంకు అంటారు. వెయ్యకపోతే దేశం పట్టనివాళ్లంటారు. ఇంత అవమానం పడ్డాక పోలింగ్ రోజు తలుపేసుకుని పడుకుంటే తప్పేమిటి? ఇలా అడిగేవాళ్లను మనం కసురుకోకూడదు. వాళ్ల కోపం నిజం. అయితే ఆ కోపానికి మౌనం జవాబవుతుందా?

ముందు లెక్క చూద్దాం. 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటును తేల్చినవి 9 ఓట్లు. 1998లో అప్పటి బీహార్‌లోని రాజమహల్‌లోనూ 9 ఓట్లే. 2024లో ముంబయి వాయవ్య నియోజకవర్గంలో 48. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో 269 మంది అవునంటే 270 మంది కాదన్నారు. ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోయి దేశమంతా మళ్లీ ఎన్నికలకు వెళ్లింది. పోటీ గట్టిగా ఉన్నచోట ఓటెయ్యనివాడు తటస్థుడేమీ కాదు. తనకు గిట్టనివాడికి తెలియకుండానే సాయం చేసినవాడు.

మరి లక్షల మెజారిటీ వచ్చేచోట ఒక్క ఓటు ఏం చేస్తుంది? ఓటు విలువంతా ఫలితంలోనే ఉందనుకుంటే దీనికి జవాబు లేదు. ఓటును ఇంకో వైపునుంచి చూడాలి.

మనల్ని ఒకప్పటి పాలకులని ఎత్తిపొడుస్తారు. నిజాం ఏలుబడిలో దేవిడీలోని నవాబు మాటకున్న విలువ దూదేకుల సాయిబు మాటకుందా? బ్రిటిష్ ఇండియాలో 1909 నుంచి ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలున్నాయి. వాటిలోనూ ఓటు కొద్దిమందికే. మన పేద తాతలకు, నానమ్మలకు పాలకుణ్ణి ఎంచుకునే హక్కు వచ్చింది రాజ్యాంగంతోనే, 326వ అధికరణంతోనే. 1951-52 ఎన్నికల్లో నవాబుకూ ఒక్క ఓటే, ఆయన ఇల్లు ఊడ్చే ఆమెకూ ఒక్క ఓటే. ఇది ఎవరి దయా కాదు.

ఆ ఎన్నికలప్పుడే ఉత్తరాదిన లక్షల మంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య అనో, ఫలానావాడి తల్లి అనో రాయించుకున్నారు. అలాంటి దాదాపు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. సొంత పేరు లేనిచోట ఓటు లేదు. ఇవాళ ముస్లిం ఓట్లని మూటగట్టి మన తరఫున బేరం పెట్టేవాళ్లు చేస్తున్నదీ ఇదే. వాళ్లు మనవాళ్లయినా సరే, బయటివాళ్లయినా సరే. మనల్ని ఫలానావాడి మనుషులుగా రాయిస్తున్నారు. ఖాదర్, మస్తాన్‌బీ పోయి మూట ఒక్కటే మిగులుతోంది.

కాబట్టి మనం ఓటెయ్యాల్సింది దేశభక్తి రుజువు చేసుకోవడానికి కాదు. ఆ రుజువు అడిగే హక్కు ఎవరికీ లేదు. ఎవరి రుణమో తీర్చడానికీ కాదు. మన పేరుతో మనం మాట్లాడటానికి. మన అమ్మీలు, అక్కచెల్లెళ్లు మగవాళ్లు చెప్పిన గుర్తుకు కాక తామెంచుకున్న గుర్తుకు వేసిన రోజున ఆ ఓటు బ్యాంకు దానంతటదే దివాలా తీస్తుంది.

ఓటేసినంత మాత్రాన రేపే కూలి పెరగదు, బడి రాదు. కానీ రాని బడి గురించి నిలదీసే గొంతు ఓటేసినవాడికే గట్టిగా ఉంటుంది. ఎవరూ నచ్చలేదా? 2013 నుంచి నోటా ఉంది. వద్దనడానికైనా వరుసలో నిలబడాల్సిందే.

జాబితాలో పేరుందో లేదో ముందే చూసుకుందాం. లేకపోతే ఫారం 6 నింపి ఇద్దాం. ఇంట్లో ఆడవాళ్ల పేర్లు, 18 నిండిన పిల్లల పేర్లు మరీ మరీ చూద్దాం. ఆ రోజు పొద్దున్నే వెళ్దాం. ఆ వరుసలో మన ముందొకరు, వెనకొకరు. అక్కడ మనం మైనారిటీ కాదు. మనిషికొక ఓటు, అంతే.