గౌరవమా, వేతనమా?

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖుకు దక్కనివ్వలేదు. శ్రమ ఎవరిదో ఫలం వారిదేనన్న యీ నీతి పొలం గట్టు దగ్గరే ఆగిపోవాలా?

1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీ టీచరు పసిపిల్లలకు అన్నం పెడుతుంది, ఆటపాటలు నేర్పుతుంది, బరువు తూస్తుంది. తల్లులు నిశ్చింతగా కూలికి పోతారు. అయినా ఆమె కిచ్చేది జీతం కాదట, ‘గౌరవ వేతనం’! 2018లో కేంద్రం దాన్ని నెలకు 4,500 రూపాయలు చేసింది. రాష్ట్రాలు తమకు తోచింది కలుపుతాయి. గ్రాట్యుటీ ఆమె హక్కేనని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 రావలసి వచ్చింది.

మమతకు వెల కట్టరాదంటారు. నిజమే. కాని ఆమె అడుగుతున్నది మమతకు వెల కాదు, పనికి కూలి. పిల్లల పెంపకం సమాజ బాధ్యత అంటూ దాని భారాన్ని పేద స్త్రీ మీదికి నెట్టడం, వెట్టికి ‘సేవ’ అని పేరు మార్చడం కాదా?